తిన్న కొవ్వు ఒంటబట్టని జబ్బును వెంటాడిన యల్లాప్రగడ

గోదావరికి ఎర్రనీరు తగిలే రోజుల్లో ఉప్పాడ ఒడ్డున పడవ ఆగిందంటే, చుట్టూ మూగినవాళ్లు ముందు అడిగేది విలస పడిందా అనే. సముద్రంలో ఉన్నంతకాలం అది విలస. గోదావరిలోకి ఎక్కి వరదకు ఎదురీదితే పులస. పేరుతో పాటు రేటూ మారిపోతుంది. పుస్తెలమ్మైనా సరే తినాలని మన జిల్లాల్లో అనుకునేది దాన్నే. దాని పులుసు చల్లారాక పైన తేలే నూనె గమనించారా? అందులో మనం పోసింది కొంతే, మిగతాది చేపదే. నదికి ఎదురు ఈదాలంటే చాలా శక్తి కావాలి. అందుకు కావలసిన సరుకును చేప సముద్రంలో ఉన్నప్పుడే కొవ్వుగా ఒంట్లో నింపుకొని బయల్దేరుతుంది. ఆ కొవ్వును విడగొడితే దొరికేవే కొవ్వు ఆమ్లాలు, అంటే మనం రోజూ వినే ఫ్యాటీ యాసిడ్లు.

ఒంట్లో దాచిన నూనె తోక ఊపే బలంగా ఎలా మారుతుంది? చేపకైనా మనకైనా జవాబు ఒకటే. ఆ జవాబులో అసలు ముడి 1920లలో అమెరికాలోని బోస్టన్ నగరంలో విడింది. విప్పిన ఇద్దరిలో ఒకరు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన ఓడెక్కడానికి సాయం చేస్తామని మాటిచ్చింది ఉప్పాడ నుంచి బీచ్ రోడ్డు పట్టుకుంటే వచ్చే కాకినాడలోని ఒక ధర్మసంస్థ. ఇంతకీ ఆయన వెళ్లింది చేపల కోసమూ కాదు, కొవ్వు కోసమూ కాదు. తిన్న కొవ్వు ఒంటికి పట్టకుండా చేసే ఒక జబ్బు తన ఇంట్లో ఇద్దర్ని తీసుకుపోయినందుకు వెళ్లారు.

అరటిపళ్లు అమ్ముదామని..

సుబ్బారావు 1895 జనవరి 12న పుట్టారు. తండ్రి జగన్నాథం, తల్లి వెంకమ్మ. సంపాదన తక్కువ, తినే నోళ్లు ఎక్కువ ఉన్న ఇల్లు. ఇవాళ ఆయన పేరు చెప్పి పిల్లల్ని చదవమంటాం గానీ, చిన్నప్పుడు చదువు ఆయనకు బొత్తిగా ఎక్కలేదు. పదమూడేళ్ల వయసులో ఇల్లు వదిలి కాశీ దారి పట్టారు. యాత్రికులకు అరటిపళ్లు అమ్మి డబ్బు సంపాదిద్దామన్నది ఆలోచన. తల్లి పట్టుకుని వెనక్కి తెచ్చింది. రాజమండ్రిలో బడికి పంపితే అక్కడా మెట్రిక్ గట్టెక్కలేదు. ఒంటి మీది బంగారం అమ్మి మద్రాసు పంపింది. అక్కడి హిందూ హైస్కూలులో మూడో ప్రయత్నానికి పాసయ్యారు. పుస్తెలమ్మి పులస తినడం గురించి చెప్పుకొనే నేల మీద, ఆ తల్లి పసిడి కొడుకు ఫీజుగా మారింది.

ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్ అయ్యాక మనసు సన్యాసం మీదికి మళ్లింది. రామకృష్ణ మిషన్‌లో చేరిపోదామనుకుంటే, వాళ్లే వైద్యం చదివి సేవ చెయ్యమన్నారు. మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. గాంధీగారి పిలుపు విని ఖద్దరు కట్టారు, ఆపరేషన్ థియేటర్లో వేసుకునే గౌను కూడా ఖద్దరుదే కుట్టించుకున్నారు. సర్జరీ ప్రొఫెసరైన తెల్లదొరకు అది మింగుడు పడలేదు. పరీక్షలు బాగా రాసినా ఎంబీబీఎస్ డిగ్రీ దక్కలేదు, అంతకంటే తక్కువదైన ఎల్‌ఎంఎస్ చేతిలో పెట్టారు. ఆ కాగితంతో మద్రాసు ప్రభుత్వ వైద్యశాఖలో ఉద్యోగం దొరకలేదు. ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణశాస్త్రం చెప్పే పని దొరికింది.

ఎనిమిది రోజుల్లో ఇద్దరు

ఇంటి మీద పిడుగు పడింది ఆ కాలంలోనే. అన్న పురుషోత్తం, తమ్ముడు కృష్ణమూర్తి ఎనిమిది రోజుల తేడాలో పోయారని జీవితచరిత్రకారులు రాస్తారు. ఇద్దరిదీ ఒకే జబ్బు. ఇంగ్లిషు వైద్యం దాన్ని ట్రాపికల్ స్ప్రూ అంటుంది, మన వైద్యులు సంగ్రహణి అంటారు. తర్వాత అదే జబ్బు సుబ్బారావునూ పట్టుకుంది. లక్ష్మీపతి గారి ఆయుర్వేద చికిత్సతో ఆయన కోలుకున్నారు. కళ్ల ముందు ఇద్దరు పోయి తాను మిగిలిన మనిషికి ఆ జబ్బు వట్టి పాఠ్యాంశంగా మిగలదు కదా.

అసలు ఆ జబ్బులో జరిగేదేమిటో తెలియాలంటే కొవ్వు ఆమ్లాల సంగతి కాస్త చూడాలి. కొవ్వు ఆమ్లం అంటే కర్బన పరమాణువులను దండలా గుచ్చిన ఒక పొడవాటి తోక. ఒక చివర మాత్రం ఆమ్లపు గుంపు ఉంటుంది. ఆ చివరకు నీళ్లంటే ఇష్టం, మిగతా తోకకు నీళ్లు గిట్టవు. ఇలాంటి మూడు తోకలు గ్లిజరాల్ అనే ఒక చిన్న ముక్కకు అతుక్కుంటే ట్రైగ్లిజరైడ్. లిపిడ్ ప్రొఫైల్ రిపోర్టులో మీరు చూసి కంగారు పడే పేరు అదే. వంటింట్లోని నెయ్యి, నూనె, చేప ఒంటి కొవ్వు, మన నడుము చుట్టూ ఉన్నది, అన్నీ ప్రధానంగా ఇవే.

తోక తిన్నగా ఉంటే అణువులు కట్టెలమోపులా దగ్గరగా సర్దుకుంటాయి, అందుకే నెయ్యి పేరుకుంటుంది. ఇవి సంతృప్త ఆమ్లాలు. తోకలో జంటబంధం ఉన్నచోట వంకర వస్తుంది, వంకర కట్టెలు మోపు కట్టవు, అందుకే వేరుశనగ నూనె గడ్డకట్టదు. ఉప్పాడ ఒడ్డున దొరికే కవళ్లు, కానాగంతల కొవ్వులో ఒక్కో తోకకు ఐదారు వంకరలుండే రకాలున్నాయి. ఒమేగా-3 అని మందుల షాపులో క్యాప్సూల్‌గా అమ్మేది వాటినే. శరీరం చాలా కొవ్వు ఆమ్లాలను తనే తయారు చేసుకుంటుంది. రెంటిని మాత్రం చేసుకోలేదు, తిండిలోనే రావాలి. ఒకటి లినోలిక్, పొద్దుతిరుగుడు నూనెలో బాగా ఉంటుంది. రెండోది ఆల్ఫా లినోలెనిక్, అవిసె గింజల్లో ఉంటుంది. బొత్తిగా కొవ్వు లేని తిండి పెట్టిన ఎలుకలు చర్మం పొలుసులు కట్టి, ఎదుగుదల ఆగి చిక్కిపోవడం చూసి జార్జ్ బర్, మిల్‌డ్రెడ్ బర్ అనే దంపతులు అమెరికాలో ఈ సంగతి బయటపెట్టారు. అది 1929. ఆ సంవత్సరాన్ని గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

తిన్న కొవ్వు రక్తంలోకి చేరడం పిండిపదార్థం చేరినంత సులువు కాదు. ముందు పైత్యరసం దాన్ని సన్నటి బొట్లుగా చెదరగొట్టాలి. క్లోమం నుంచి వచ్చే లైపేజ్ అనే ఎంజైమ్ తోకలను ఊడదియ్యాలి. అప్పుడు చిన్నపేగు లోపలి గోడ వాటిని పీల్చుకోవాలి. ఆ గోడ నున్నగా ఉండదు. మఖమల్ గుడ్డ మీది నూగులా సన్నటి వేళ్లుంటాయి, వాటిని విల్లై అంటారు. పీల్చుకునే వైశాల్యమంతా వాటి పుణ్యమే. సంగ్రహణిలో ఆ వేళ్లు పొట్టివై, మొండివై పోతాయి. ఇక కొవ్వు లోపలికి పోదు, మలంలో బయటికి పోతుంది. మలం ఎక్కువగా, లేత రంగులో, జిడ్డుగా, నీళ్ల మీద తేలుతూ, భరించలేని వాసనతో వస్తుంది. కొవ్వుతో కలిసి లోపలికి వెళ్లవలసిన ఎ, డి, ఇ, కె విటమిన్లూ పోతాయి. మిగిలిపోయిన కొవ్వు ఆమ్లాలు పేగులోనే కాల్షియంతో కలిసి సబ్బు కట్టేస్తాయి. సబ్బు అన్నది ఉపమానం కాదు, రసాయనికంగా అది సబ్బే. అలా కాల్షియం కూడా వృథా అవుతుంది. నాలుక పుండై ఎర్రబడుతుంది, రక్తం తగ్గిపోతుంది, మనిషి కళ్ల ముందే కరిగిపోతాడు. పళ్లెం నిండా తింటున్నా ఆకలితో పోయినట్టు పోతాడు.

వారాల తరబడి ఇలాంటి విరేచనాలతో బరువు తగ్గుతుంటే నూనె మానేసి, మజ్జిగన్నం తిని సరిపెట్టుకోకండి. డాక్టరుకు చూపించాలి. ఇవే లక్షణాలు గోధుమ పడని సీలియాక్ జబ్బులోనూ, క్లోమం దెబ్బతిన్నప్పుడూ ఉంటాయి. ఏదో తేలితేనే మందు.

కాకినాడ మాట, మామగారి సొమ్ము

ఈ జబ్బుకు విరుగుడు వెతకాలంటే ఉష్ణదేశపు వ్యాధుల చదువు చదవాలి. ఆ చదువు బోస్టన్‌లోని హార్వర్డ్‌లో ఉంది. కొక్కెం పురుగు నివారణ పని మీద మద్రాసు వచ్చిన రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ డాక్టరు కెండ్రిక్ అటు దారి చూపించారు. డబ్బు? సుబ్బారావుకు 1919లో శేషగిరి గారితో పెళ్లయింది. మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తి తన వంతు కూడగట్టారు. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయం చేస్తామంది. ఆ సత్యలింగ నాయకర్ రంగూన్‌లో ఓడల వ్యాపారంలో సంపాదించిన సొమ్మును ధర్మానికి రాసిచ్చిన మనిషి. ఈ తీరంలో సముద్రం తీసుకుపోయిన ఊళ్ల గురించి ఎక్కువ వింటాం. సముద్రం మీద వచ్చిన సొమ్ము ఇలా ఒక సముద్రయానానికి దారి చెయ్యడం కూడా ఉంది మరి.

1922 అక్టోబర్ 26న బోస్టన్‌లో దిగారు. వయసు ఇరవై ఏడు. జేబులో ఏమంత లేదు. ఎల్‌ఎంఎస్ కాగితానికి అక్కడ డాక్టరు ఉద్యోగం రాదు. రాత్రిళ్లు ఆసుపత్రిలో రోగుల మలమూత్రాల పాత్రలు కడిగే పనికి కుదిరారు. పగలు చదువు. ఉష్ణదేశపు వ్యాధుల డిప్లొమా చేతికొచ్చింది గానీ, స్ప్రూ ఎందుకొస్తుందో అక్కడా ఎవరికీ తెలియదు. ఒంట్లో రసాయనం తెలియనిదే జబ్బు తెలియదని అర్థమై, జీవరసాయన విభాగంలో సైరస్ ఫిస్కే దగ్గర చేరారు.

గాదెలో ధాన్యం, కంచంలో ముద్ద

ఫిస్కే అప్పగించిన పని చిన్నదిగానే కనిపిస్తుంది. రక్తంలో, మూత్రంలో, కండలో ఫాస్ఫరస్ ఎంతుందో కొలవాలి. అప్పటి పద్ధతులు నమ్మదగ్గవి కావు. ఇద్దరూ కలిసి నీలి రంగు పుట్టే ఒక రసాయన చర్యను తయారు చేశారు. రంగు ఎంత చిక్కనైతే ఫాస్ఫరస్ అంత ఎక్కువ. 1925లో అచ్చయిన ఆ పద్ధతికి ఫిస్కే-సుబ్బారావు పద్ధతి అన్న పేరే నిలిచింది. కణాల చుట్టూ ఉండే పొరలో కొవ్వు ఆమ్లాలకు ఫాస్ఫరస్ అతికి ఉంటుంది, వాటిని ఫాస్ఫోలిపిడ్లు అంటారు. వాటిని కొలవడానికి ఆ తర్వాత కొన్ని తరాల శాస్త్రవేత్తలు వాడింది ఈ నీలి రంగునే, చిన్న చిన్న మార్పులతో.

కొలబద్ద చేతికి రాగానే దానితో కండను వెతికారు. 1927లో ఫాస్ఫోక్రియాటిన్ దొరికింది. 1929లో ఏటీపీ, అంటే అడినోసిన్ ట్రైఫాస్ఫేట్. జర్మనీలో కార్ల్ లోమన్ కూడా అదే ఏడాది, విడిగా, దాన్నే కనుక్కున్నారు. బర్ దంపతులు కొన్ని కొవ్వు ఆమ్లాలు తిండిలోనే రావాలని తేల్చిన సంవత్సరం కూడా అదే. ఒక చోట కొవ్వు ఎందుకు తినాలో, ఇంకో చోట తిన్నది ఏమవుతుందో, రెండు తలుపులూ ఒకే ఏడు తెరుచుకున్నాయి. అప్పట్లో రెంటికీ సంబంధం ఉందని ఎవరూ అనుకుని ఉండరు.

మన డెల్టా లెక్కలో చెప్పుకుందాం. ఒంట్లో కొవ్వు గాదెలోని ధాన్యం. ఎంత ఉన్నా తిన్నగా నోట్లో వేసుకోలేం. ఏటీపీ కంచంలో కలిపిన ముద్ద. కణం తినగలిగేది అదొక్కటే. కండ ముడుచుకోవాలన్నా, నరం సందేశం పంపాలన్నా, కిడ్నీ ఉప్పు వడకట్టాలన్నా ముద్ద కావలసిందే. మరి ఫాస్ఫోక్రియాటిన్? గిన్నెలో సిద్ధంగా ఉన్న చద్దన్నం. బస్సు కదులుతుంటే పరుగెత్తి ఎక్కుతామే, ఆ కొద్ది సెకన్లకు అక్కరకొచ్చేది అదే. విచిత్రమేమంటే ముద్దలు నిలవ ఉండవు. ఏ క్షణంలోనైనా ఒంట్లో ఉండే ఏటీపీ చాలా కొద్ది. కానీ రోజు మొత్తంలో మనం చేసుకుని ఖర్చు పెట్టే ఏటీపీ దాదాపు మన బరువంత ఉంటుందని అంచనా. దంచడం, వండడం, తినడం ఆగకుండా సాగుతూనే ఉంటాయి.

కొవ్వు ఆమ్లాన్ని దంచే తీరు మరీ ముచ్చటగా ఉంటుంది. కణంలోని మైటోకాండ్రియాలో దాని తోకను చివరి నుంచి రెండేసి కర్బనాల చొప్పున కోస్తారు. రెండేసి చొప్పునే తెగుతుందని ఫ్రాంజ్ నూప్ అనే జర్మన్ శాస్త్రవేత్త 1904లోనే కుక్కల మీద ప్రయోగంతో పట్టుకున్నారు. అయితే కోత మొదలవ్వాలంటే ముందు కాస్త ఏటీపీ పెట్టుబడి పెట్టాలి. విత్తనం వెయ్యకుండా పంట రానట్టే. పెట్టుబడి పోగా పదహారు కర్బనాల పామిటిక్ ఆమ్లం ఒక్క అణువు నుంచి సుమారు 106 ఏటీపీలు వస్తాయి. గ్లూకోజు అణువు ఒక్కటి ఇచ్చేది 30 పైచిలుకు. గ్రాము కొవ్వుకు 9 కిలో క్యాలరీలు, గ్రాము పిండిపదార్థానికి 4 అని డైటీషియన్ చెప్పే లెక్క వెనక ఉన్నది ఇదే. నిద్రలో ఉన్నా ఆగకుండా కొట్టుకునే గుండె తనకు కావలసిన శక్తిలో ఎక్కువ భాగం కొవ్వు ఆమ్లాల నుంచే తీసుకుంటుంది. పులస ఎదురీత కూడా ఇదే లెక్క మీద నడుస్తుంది.

సంగ్రహణి రోగి ఎందుకు అంత నీరసించిపోతాడో ఇప్పుడు తేటపడుతుంది. గాదెకు ధాన్యం చేరే దారే మూసుకుపోయింది. పాత నిల్వ అయిపోయాక కండను కరిగించి వండుకోవాల్సిందే.

ఫిస్కే నీడలో

ఏటీపీ కనుక్కున్న మనిషికి 1930లో పీహెచ్‌డీ వచ్చింది, స్థిరమైన ఉద్యోగం రాలేదు. వ్యాసాల మీద ఫిస్కే పేరు ముందు, సుబ్బారావు పేరు వెనక. సుబ్బారావు వేరుచేసిన కొన్ని పదార్థాల సంగతి ఫిస్కే బయటికి రానివ్వలేదు, ఏళ్ల తర్వాత ఇతరులు వాటిని మళ్లీ కనుక్కోవలసి వచ్చింది. ఇది మన అభిమానం కొద్దీ అనే మాట కాదు. అదే ప్రయోగశాలలో పనిచేసి, 1988లో నోబెల్ బహుమతి అందుకున్న జార్జ్ హిచింగ్స్ స్వయంగా చెప్పిన సంగతి. సుబ్బారావు మాత్రం ఫిర్యాదు చేసినట్టు కనిపించరు. పేపరువాళ్లను చూస్తే తప్పుకునే మనిషి.

హిచింగ్స్‌తో కలిసి 1939లో ఆయన పాంటోథెనిక్ ఆమ్లం మీద పనిచేశారు. ఇది బి విటమిన్లలో ఒకటి, గుడ్డులో, కాలేయంలో, పప్పుల్లో దొరుకుతుంది. కొవ్వు ఆమ్లాన్ని కోయాలంటే ముందు దానికి ఒక పిడి తగిలించాలని చాలా ఏళ్లకు గాని తెలియలేదు. ఆ పిడి పేరు కోఎంజైమ్-ఎ. దాన్ని కనుక్కున్న ఫ్రిట్జ్ లిప్‌మన్‌కు 1953లో నోబెల్ వచ్చింది. ఆ పిడి చెయ్యడానికి కావలసిన ముడిసరుకు ఈ పాంటోథెనిక్ ఆమ్లమే. అంటే సుబ్బారావు కొవ్వు ఆమ్లాల దారిలో తెలియకుండానే మరో మైలురాయి దగ్గర కూర్చుని పనిచేశారన్నమాట.

మళ్లీ స్ప్రూ దగ్గరికి

1940లో హార్వర్డ్ వదిలి, న్యూయార్క్ రాష్ట్రంలో పెర్ల్ రివర్ అనే ఊళ్లోని లెడర్లీ మందుల కంపెనీలో చేరారు. కొద్దికాలానికే అక్కడి పరిశోధనలకు అధిపతి అయ్యారు. చేతికింద పెద్ద బృందం, చేతినిండా సదుపాయాలు. అన్నదమ్ముల జబ్బు వైపు అప్పుడు మళ్లారు.

స్ప్రూ రోగుల రక్తహీనత మామూలుది కాదు, ఇనుము ఇచ్చినా తగ్గదు. ఇలాంటిదే 1930 ప్రాంతంలో బొంబాయి బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణుల్లో లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు చూశారు. ఈస్ట్‌తో చేసే మార్మైట్ పెడితే తగ్గింది, కాలేయం సారంతోనూ తగ్గింది. అందులో ఉన్న పదార్థమేదో తెలియలేదు. 1941లో పాలకూర నుంచి కొద్దిగా తీసి, ఆకును సూచించే లాటిన్ మాటతో ఫోలిక్ యాసిడ్ అని పేరు పెట్టారు. పేరులో యాసిడ్ ఉన్నా ఇది కొవ్వు ఆమ్లం కాదు, బి విటమిన్. కొత్త కణాలు పుట్టాలంటే ఇది ఉండాలి. ఎర్ర రక్తకణాలు, పేగు గోడ కణాలు అన్నిటికంటే వేగంగా పుట్టి పోతుంటాయి కాబట్టి లోటు ముందు వాటికే తగులుతుంది.

టన్నుల కొద్దీ కాలేయం తెచ్చినా దొరికేది చిటికెడు. సుబ్బారావు బృందం దాని నిర్మాణం తేల్చి, 1945లో ప్రయోగశాలలోనే తయారు చేసింది. అప్పటి నుంచి కాలేయం అక్కర్లేదు, కావలసినంత చేసుకోవచ్చు. ఆ వెంటనే క్యూబా, పోర్టోరికోలలో టామ్ స్పీస్, ఇంకొందరు వైద్యులు స్ప్రూ రోగులకు ఇచ్చి చూశారు. నాలుక పుండు మానింది, ఆకలి పుట్టింది, రక్తం పెరిగింది. ఇరవై అయిదేళ్ల కిందట ఇంట్లో ఇద్దరికి అందని మందు అది.

కానీ కథ అక్కడ పూర్తి కాలేదు. చాలామందిలో రక్తం బాగుపడినా కొవ్వు మాత్రం పూర్తిగా ఒంటబట్టలేదు. పేగులో ఇంకేదో ఉంది.

ఈలోగా అదే ప్రయోగశాల నుంచి మందులు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. ఫోలిక్ యాసిడ్‌ను పోలి ఉండి దాని పని చెడగొట్టే పదార్థాలను చేస్తే, వేగంగా పెరిగే క్యాన్సర్ కణాలు ఆగుతాయా? బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ లెడర్లీ పంపిన అమైనాప్టెరిన్‌ను లుకేమియా పిల్లలకు ఇచ్చారు. 1948లో ఫలితాలు అచ్చయ్యాయి. కొందరు పిల్లల్లో జబ్బు తాత్కాలికంగానైనా వెనక్కి తగ్గింది, లుకేమియాలో అంతకు ముందు అలా జరగలేదు. దాని తోబుట్టువే మెథోట్రెక్సేట్. కీళ్లవాతానికి వారానికోసారి అది వేసుకునేవారికి డాక్టర్లు ఫోలిక్ యాసిడ్ కూడా రాస్తారు. ఆ చీటీలో రెండు పేర్లూ ఒకే ప్రయోగశాల నుంచి వచ్చినవి.

మన గోదావరి జిల్లాలకు మరీ దగ్గరైనది హెట్రజాన్, 1947 నాటిది. రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ దీవుల్లో అమెరికా సైనికులకు ఫైలేరియా అంటుకోవడంతో మొదలైన వెతుకులాట అది. దాని అసలు పేరు డైఇథైల్ కార్బమజైన్, అంటే డీఈసీ. బోదకాలు నివారణకు ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వచ్చి, ఎదుట నిలబడి మింగించిన బిళ్లలు అవే. ఉప్పాడ, కాకినాడ, భీమవరం ఇళ్లలో అవి మింగినవాళ్లు ఎందరో. ఎవరి బృందం తయారు చేసిందో తెలిసి మింగినవాళ్లు తక్కువే.

బోస్టన్ బయల్దేరిన రోజున చదువు ముగించుకొని వచ్చేస్తానని భార్యకు మాటిచ్చారు. రాలేదు. ఆయన వెళ్లాక పుట్టిన కొడుకు పసితనంలోనే పోయాడు, తండ్రి ఆ బిడ్డను చూడనేలేదు. శేషగిరి గారు ఇక్కడే ఉండిపోయారు. సుబ్బారావు గొప్పతనం రాసేటప్పుడు మనం ఈ వాక్యం దగ్గర తొందరగా దాటిపోతాం. దాటకూడదనిపిస్తుంది. పిండిన ఫలితమంతా ప్రపంచానికి చేరింది, ఆ ఇంటికి మాత్రం ఉత్తరాలే చేరాయి.

కణజాలం ఆయనకు తెలిసినంతగా తెలిసినవాళ్లు అప్పట్లో తక్కువ. తన గుండెను మాత్రం పట్టించుకున్నట్టు లేదు. 1948 ఆగస్టులో ఒక రాత్రి నిద్రలోనే గుండె ఆగింది. వయసు యాభై మూడు. ఆ ఏడాదే లెడర్లీ నుంచి ఆరియోమైసిన్ అనే యాంటీబయోటిక్ బయటికి వచ్చింది. సుబ్బారావు పిలిచి పని అప్పగించిన బెంజమిన్ డగ్గర్ అనే పెద్దాయన మట్టిలోని సూక్ష్మజీవి నుంచి తీసిన మందు. టెట్రాసైక్లిన్లు అనే మందుల కుటుంబంలో అదే మొదటిది.

స్ప్రూలో పేగులో ఉన్న ఆ ఇంకేదో, అక్కడ ఉండకూడని బ్యాక్టీరియా పాతుకుపోవడమని తర్వాతి దశాబ్దాల్లో అర్థమవుతూ వచ్చింది. 1960ల తొలి ఏళ్లలో దక్షిణాది పల్లెల్లో స్ప్రూ ఊళ్లకు ఊళ్లను చుట్టుముట్టినప్పుడు వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల డాక్టర్లు దాన్ని దగ్గరుండి చదివారు. ఇవాళ ట్రాపికల్ స్ప్రూ అని తేలిన రోగికి వైద్యులు రాసేవి ముఖ్యంగా రెండు. ఒకటి ఫోలిక్ యాసిడ్, అదీ బి12 లోటు ఉందేమో చూసుకున్నాకే. ఎందుకంటే బి12 తక్కువైనవారికి ఫోలిక్ యాసిడ్ ఒక్కటే ఇస్తే రక్తం బాగుపడినట్టు కనిపిస్తూ నరాలు దెబ్బతింటాయి. రెండోది టెట్రాసైక్లిన్, కొన్ని నెలల పాటు. పేగులోని నూగు మళ్లీ మొలుస్తుంది, కొవ్వు మళ్లీ ఒంటబడుతుంది. అంతవరకూ కొందరికి కొబ్బరినూనె నుంచి తీసిన పొట్టి తోకల కొవ్వు ఆమ్లాలు ఇస్తారు. అవి పొడవాటి వాటిలా తిప్పలు పెట్టకుండా తిన్నగా రక్తంలోకి, అక్కడి నుంచి కాలేయానికి వెళ్లిపోతాయి.

అన్నను, తమ్ముణ్ని తీసుకుపోయిన జబ్బుకు కావలసిన రెండు బిళ్లల మూలాలూ ఆయన నడిపిన ప్రయోగశాలలోనే ఉన్నాయి. మొదటిది రోగుల మీద పనిచెయ్యడం సుబ్బారావు చూశారు. రెండోదాన్ని స్ప్రూకు వాడటం మొదలయ్యే నాటికి ఆయన లేరు.